షాయర్ చేతికి సీసా ఇచ్చినది ఎవరు?

గత నెలలో రేపల్లె నుండి ఒక తండ్రి మా వద్దకు వచ్చారు. పరుపులు, దిండ్లు కుట్టి జీవించే నూర్‌బాషా కుటుంబం వారిది. కుమార్తె డిగ్రీ రెండవ సంవత్సరం చదువుతున్నది. ఆ అమ్మాయి తన అమ్మమ్మ జీవితాన్ని ఆధారం చేసుకుని తెలుగులో ఒక కథ వ్రాసింది. ఎనిమిది పుటలు. దూది దుమ్ముతో ఊపిరితిత్తులు పాడైన ఒక ముసలమ్మ, ఊరిలో ప్రతి కొత్త పెండ్లికూతురి పరుపునూ తన చేతులతో కుట్టి, తాను మాత్రం చివరి దినం వరకు ఈత చాప మీదనే పడుకున్న వైనం అది. మేము ఒక్క ఊపున చదివినాము. వెంటనే ఏదైనా పత్రికకు పంపవలసిందిగా సలహా ఇచ్చినాము. ఆ తండ్రి కొంతసేపు తల వంచుకుని కూర్చున్నారు. తర్వాత ఇట్లా అన్నారు: "పిల్ల బాగానే రాసింది అన్నగారూ. కాదనను. కానీ అచ్చులో పేరు పడితే రేపు సంబంధాలు రావు. రాసేవాళ్లు ఎట్లాంటి వాళ్లో మనం సినిమాల్లో చూడలేదా? అందులోనూ మనవాళ్లయితే చెప్పే పనే లేదు."

ఆ మాట మాకు ముల్లు వలె గుచ్చుకున్నది. ఆయన పుస్తకాలు చదివినవారు కారు. గాలిబ్ పేరు విన్నారు, పంక్తి ఎరుగరు. అయినను, కవి అనగానే ఆయన కండ్ల ముందు ఒక బొమ్మ నిలిచి ఉన్నది. చెదరిన జుట్టు, చేతిలో సీసా, ఇంటి వద్ద ఏడ్చే భార్య, మేడ మీద ఎదురుచూసే నర్తకి. ఈ బొమ్మను ఆయనకు ఇచ్చినది గ్రంథాలయం కాదు, మస్జిద్ కాదు, బడి కాదు. వెండితెర ఇచ్చినది. ఆ బొమ్మ ఇప్పుడు రేపల్లెలో ఒక ఆడబిడ్డ కలానికి అడ్డుగా నిలబడి ఉన్నది. కనుక ఈ విషయమై నాలుగు మాటలు కఠినంగానే చెప్పవలసి వచ్చింది.

మేము సినిమా ద్వేషులము కాము. తెనాలి మట్టిలో పుట్టినవారు సినిమాను ద్వేషించుట అసాధ్యం. ఆంధ్రా ప్యారిస్ అని పిలిపించుకున్న ఈ పట్టణం తెలుగు తెరకు చక్రపాణిని ఇచ్చింది. ఆయన బెంగాలీ నేర్చి శరత్ నవలలను మనకు తెనిగించిన రచయిత, ఆపైననే నిర్మాత. సమీపంలోని మోరంపూడి జగ్గయ్యను ఇచ్చింది. ఆయన టాగూరు గీతాంజలిని తెలుగు చేసినవారు. బుర్రిపాలెం కృష్ణను ఇచ్చింది. బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావు తెనాలి రంగస్థలం మీద సత్యభామగా నిలిచి, ఆ వేషంతోనే మొగలు రాకుమారి రోషనారగా కూడ నిలిచిన చరిత్ర మనది. ఆ నాటకంలోని చరిత్ర నిజానిజాలు అటుంచండి. ఒక బాపట్ల హైందవ నటుడు ముస్లిం స్త్రీ పాత్రను పరిహాసానికి కాక, హుందాతనానికి ధరించినాడు అన్నది మేము చెప్పదలచినది. ముప్పై ఏండ్లకు పైగా సర్కారు కచేరీలో గుమాస్తాగిరీ చేసి, సాయంకాలం మొదటి ఆటకు సైకిలు తొక్కిన తరం మాది. మేము ఎరిగిన దానినే మేము విమర్శిస్తున్నాము.

మా ఊరి కవితోనే మొదలుపెడదాము. 1956లో బి.ఎస్.రంగా తీసిన 'తెనాలి రామకృష్ణ' చిత్రాన్ని ఎవరు మరువగలరు? అక్కినేని రామకృష్ణ కవి, ఎన్టీ రామారావు రాయలవారు, నాగయ్య తిమ్మరుసు, భానుమతి కృష్ణసాని. మేమూ చిన్నప్పుడు చూచి పకపకా నవ్వినవారమే. పెద్దవారమైన పిదప మళ్లీ చూచినప్పుడు నవ్వు సగంలో ఆగింది. ఆ కథలో కవి ప్రతిభ ఎందుకు ఉపయోగపడుతున్నది? సుల్తానుల పక్షాన వచ్చిన గూఢచారిణి కృష్ణసాని రాజును తన వలలో వేసుకొనగా, ఆ కుట్రను ఛేదించుటకు. అంటే, కవికి పని కల్పించుటకు ఒక శత్రువు కావలసి వచ్చాడు. ఆ శత్రువు ఎవరో ముందే నిర్ణయమై ఉన్నది. 'పాండురంగ మాహాత్మ్యం' వ్రాసిన చేయి, తెర మీద సుల్తానుల పన్నాగాలు పట్టే చేయిగా మారింది. ఆ కావ్యం ఎట్లాంటిది, ఆ కవి రాత్రి దీపం వద్ద కూర్చుని ఏమి తల్లడిల్లాడు అన్నది మనకు తెలియదు. ఆయన కృష్ణరాయల కాలపువాడే కాడు, కొంత తరువాతి వాడని వాదించే పండితులు ఉన్నారు. అది కూడ అటుంచుదాము. సినిమా చరిత్ర పాఠం కాదని మాకు తెలుసు.

అయితే చరిత్రలో ఉన్నదానిని తీసుకొనుటకు వారికి ఏమి అడ్డు వచ్చింది? రాయలవారు ధరించిన బిరుదులలో 'యవనరాజ్య స్థాపనాచార్య' అన్నది ఒకటి. బహమనీ సుల్తానును తిరిగి గద్దె మీద కూర్చుండబెట్టినందుకు వచ్చిన బిరుదు అది. హంపీలో అహ్మద్ ఖాన్ 1439లో కట్టించిన ధర్మశాల నేటికీ నిలిచి ఉన్నది, మస్జిద్‌గా దానిని చూపుతారు. విజయనగర సైన్యంలో ముస్లిం ఆశ్వికులు ఉండేవారు. ఇవన్నీ రహస్యాలు కావు. బడి పిల్లవానికి చెప్పదగిన విషయాలే. కాని తెర మీదికి వచ్చేసరికి సుల్తాను అంటే కుట్ర, తురక వేషం అంటే వెన్నుపోటు.

ఇక్కడ మా పాఠకులకు మరొక పేరు గుర్తు చేయాలి. గోల్కొండ ఇబ్రహీం కుతుబ్ షా. 1550 నుండి 1580 వరకు ఏలినవాడు. యువకుడుగా ప్రాణభయంతో విజయనగరానికి వచ్చి, అళియ రామరాయల ఆశ్రయంలో ఏడేండ్లు ఉండి, అక్కడ తెలుగు రుచి మరిగినాడు. తర్వాత సింహాసనం ఎక్కి తెలుగు కవులను పోషించినాడు. మన కవులు అతనిని మల్కిభరాముడని ముద్దుగా పిలిచినారు. అద్దంకి గంగాధర కవి తన 'తపతీసంవరణోపాఖ్యానము'ను ఆ సుల్తానుకే అంకితం ఇచ్చినాడు. ఆ ఏలుబడిలోనే పటాన్‌చెరు అమీన్ ఖాన్ ప్రోత్సాహంతో పొన్నెగంటి తెలగన్న 'యయాతి చరిత్ర'ను వ్రాసినాడు. అది తొలి అచ్చ తెలుగు కావ్యం. ఒక్క సంస్కృత పదం లేని తెలుగు కావ్యాన్ని కోరినవాడు ఒక ఖాన్! ఇంతకంటె రమ్యమైన కథ ఏ దర్శకునికి దొరుకుతుంది? కవికీ ప్రభువుకూ నడుమ మతం అడ్డురాని చెలిమి, రెండు భాషల నడుమ ఒక సుల్తాను మనస్సు, నిండు సభలో ఒక పద్యం. మేము ఎన్నో ఏండ్లుగా ఎదురుచూస్తున్నాము. ఆ చిత్రం మా కంట పడలేదు.

న్యాయం చెప్పవలసిన చోట చెప్పాలి. రామదాసు కథలో తానీషాకు తెలుగు తెర గౌరవం ఇచ్చింది. 2006లో వచ్చిన 'శ్రీరామదాసు'లో నాసర్ ధరించిన తానీషాను చూచి మా ఇంటిలోని పిల్లలు సంతోషించినారు. అక్కినేని ఆ చిత్రంలో కబీరుగా కనిపించినారు. కబీరు కాలానికీ గోపన్న కాలానికీ ఒక శతాబ్దానికి మించిన దూరం ఉన్నా మాకు పేచీ లేదు. మగ్గం నేసిన ముస్లిం కుటుంబంలో పెరిగిన కవి అన్న సంగతి ప్రేక్షకునికి ఒక్క మాటలోనైనా గట్టిగా చెప్పి ఉంటే బాగుండేది అన్నదే మా కొరత.

ఇక కవుల కుటుంబాల సంగతి. తెర మీద కవికి ఒక నియమం ఉన్నది. ఇంటిలో భార్య ఉండాలి. ఆమె పతివ్రత, పూజలు చేస్తుంది, కవిత్వం అర్థం కాదు. బయట మరొక స్త్రీ ఉండాలి. ఆమె నర్తకి లేదా గాయని, కవిత్వం ఆమెకే అర్థమవుతుంది. 1982లో దాసరి తీసిన 'మేఘసందేశం' ఈ మూసలోని ఉత్తమ చిత్రం. ఆ పాటలు మాకూ ప్రాణమే. కాని జయసుధ ధరించిన ఆ భార్య పాత్రను తలచుకుంటే, కవిత్వం అనేది పెండ్లాము ఉన్న ఇంట్లో పుట్టదని చెప్పినట్లు ఉంటుంది. ఈ మూస ముస్లింల కోసం ప్రత్యేకంగా చేసినది కాదు. ఆ మాట ఒప్పుకుంటాము. హిందూ కవికైనా ఇదే అంగీ తొడుగుతారు. తేడా ఎక్కడంటే, తెలుగు ప్రేక్షకునికి ఆ కవి పక్కన పోతన ఉన్నాడు, వేమన ఉన్నాడు, త్యాగయ్య ఉన్నాడు. 1942 నుండి నాగయ్యగారు వారిని వరుసగా తెర మీద సజీవులను చేసినారు. ఒక కవి దారి తప్పినట్లు చూపితే, నాగలి పట్టిన మరొక కవి పక్కనే నిలిచి సర్ది చెప్తాడు. ముస్లిం కవికి అట్లాంటి పొరుగువాడు తెర మీద లేడు. ఉన్నది ఒకే ఒక్క షాయర్. అతని చేతిలో సీసా.

1954లో సొహ్రాబ్ మోదీ 'మీర్జా గాలిబ్' తీసినారు. భరత్ భూషణ్ గాలిబ్, సురయ్యా నర్తకి, నిగార్ సుల్తానా భార్య ఉమ్రావ్ బేగం. కథ సాదత్ హసన్ మంటోది. రాష్ట్రపతి స్వర్ణ పతకం అందుకున్న తొలి హిందీ కథాచిత్రం అదే. సురయ్యా పాడిన గజళ్లు విని మేము కండ్లు తుడుచుకున్నాము. కాని కథ బరువంతా ఎక్కడ ఉన్నది? మళ్లీ ఆ మేడ మీదనే, ఆ గజ్జెల మీదనే.

గాలిబ్ జీవితంలో మాకు అన్నిటికంటె కన్నీరు తెప్పించేది ఆయన పింఛను దస్త్రం. నవ్వకండి. పింఛను కాగితాలు జీవితమంతా కట్టలు కట్టినవారికే ఆ బాధ తెలుస్తుంది. పినతండ్రి నస్రుల్లా బేగ్ 1806లో మరణించగా, ఆ కుటుంబానికి వచ్చిన భృతిలో గాలిబ్ వంతు ఏటా 750 రూపాయలు. నెలకు 62 రూపాయల 8 అణాలు. తమకు రావలసినది ఇంతకంటె ఎక్కువనీ, నడుమ ఎవరో కాజేసినారనీ ఆయన వాదన. దానికోసం ఢిల్లీ నుండి కలకత్తాకు పయనమైనాడు. గుర్రం మీద, బండి మీద, పడవ మీద, మజిలీ మజిలీకి ఆగి, జబ్బు పడి, 1828లో కలకత్తా చేరినాడు. అక్కడ అర్జీలు పెట్టినాడు. దొరల గదుల బయట నిలబడినాడు. 1831లో అర్జీ త్రోసివేయబడింది. 1857 తిరుగుబాటు అనంతరం ఆ 62 రూపాయల 8 అణాలు కూడ మూడేండ్లు ఆగిపోయాయి. ఇంటిలోని బట్టలు అమ్ముకుని తిన్నాడు. 1860లో తిరిగి మంజూరు అయింది. ఒక మహాకవి కచేరీ మెట్ల మీద చెప్పులు అరగదీసిన కథ ఇది. మేము ఉద్యోగంలో ఉన్నప్పుడు మా బల్ల ముందు నిలిచిన ముసలివారి ముఖాలు ఎన్నో ఈ కథలో మాకు కనిపిస్తాయి. కొందరిని మేమే రేపు రమ్మని పంపి ఉంటాము. అల్లాహ్ క్షమించుగాక.

ఉమ్రావ్ బేగం సంగతి? ఏడుగురు బిడ్డలను కని, ఏడుగురినీ పసితనంలోనే మట్టికి అప్పగించిన తల్లి ఆమె. భర్త తాగుతాడని తన వంట పాత్రలు వేరుగా ఉంచుకున్నదని చెప్తారు. అయినా యాభై ఏండ్లకు పైగా ఆ ఇంటిని నిలబెట్టింది. ఆమె మేనల్లుడు ఆరిఫ్‌ను గాలిబ్ కన్నకొడుకు వలె పెంచుకున్నాడు. అతడు 1852లో అకాల మరణం పొందగా, అతని ఇద్దరు పసివాండ్రను ఆ వృద్ధ దంపతులే సాకినారు. ముసలి కవి ఒడిలో పిల్లలు ఆడుకుంటూ కాగితాలు చెరిపే ఇల్లు అది. ఇక స్నేహాలు చూడండి. ఆయన ప్రియ శిష్యుడు మున్షీ హర్‌గోపాల్ తఫ్తా ఒక హిందువు. గాలిబ్ అతనిని మీర్జా తఫ్తా అని పిలిచేవాడు. 1857 నాటి అనుభవాలు వ్రాసిన 'దస్తంబూ'ను ఆగ్రాలో అచ్చు వేయించుటకు సాయపడినవారిలో తఫ్తా ఉన్నాడు, శివనారాయణ్ ఆరామ్ ఉన్నాడు. ఈ ఉత్తరాలు అచ్చయి ఉన్నాయి, ఎవరైనా చదువుకొనవచ్చు. 1988లో గుల్జార్ దూరదర్శన్ కోసం తీసిన ధారావాహికలో నసీరుద్దీన్ షా మనకు ఇంకొక గాలిబ్‌ను చూపినారు. అప్పుల గాలిబ్‌ను, ఇంటి గాలిబ్‌ను. అది చూచిన మా పెద్దలు "ఇదిగో, ఇప్పుడు మనిషి కనిపించాడు" అన్నారు. కనుక తెరకు చేత కాదని అనలేము. చేయాలని అనుకోవాలి.

'ప్యాసా' విషయం చెప్పక తప్పదు. 1957. గురుదత్. కవి జీవితం మీద ఈ దేశంలో వచ్చిన గొప్ప చిత్రాలలో ఒకటని మేమూ ఒప్పుకుంటాము. అన్నలు కవిత్వాన్ని చిత్తు కాగితాల వాడికి అమ్మిన దృశ్యం ఎవరు మరువగలరు? దానినే శోభన్‌బాబుతో 1978లో 'మల్లెపూవు'గా తెలుగు చేసినారు. ఇప్పుడు ఒక లెక్క చూడండి. ఆ చిత్రంలోని కవిత్వం వ్రాసినది సాహిర్ లుధియాన్వీ, అసలు పేరు అబ్దుల్ హయీ. సంభాషణలు వ్రాసినది అబ్రార్ అల్వీ. తెర మీద కవి పేరు విజయ్. ఆ చిత్రంలో తలకు నూనె మర్దన చేసే హాస్యగాని పేరు అబ్దుల్ సత్తార్! గురుదత్‌కు దురుద్దేశం అంటగట్టే నీచానికి మేము దిగము. సత్తార్ మంచివాడే, విజయ్‌కు నిజమైన మిత్రుడు కూడ. కాని కలం పట్టిన అబ్దుల్ తెర వెనుక, నూనె సీసా పట్టిన అబ్దుల్ తెర మీద అన్న ఏర్పాటు ఎవరికీ వింతగా తోచలేదే! మాకు తోచింది.

ఆడవారి సంగతికి వస్తే పరిస్థితి మరింత దారుణం. ముస్లిం స్త్రీ కవయిత్రి అనగానే తెర చూపేది ఉమ్రావ్ జాన్‌ను. 1981 నాటి ముజఫ్ఫర్ అలీ చిత్రం సుందరమైనదే. కాని రేపల్లెలోని ఆ తండ్రి స్థానంలో కూర్చుని చూడండి. వ్రాసే ముస్లిం స్త్రీ ఆయనకు ఒక్కచోటనే కనిపించింది. ఆ చోటు కోఠా. ఆయన భయపడితే తప్పు ఆయనదా? వైద్యురాలై ఉండి కథలు వ్రాసిన రషీద్ జహాన్ ఆయనకు కనిపించలేదు. 'లిహాఫ్' మీద కేసు పెడితే లాహోరు న్యాయస్థానానికి వెళ్లి నిలబడిన ఇస్మత్ చుగ్తాయ్, భర్తతో, బిడ్డతో సంసారం చేసుకున్న ఇల్లాలని ఆయనకు ఎవరూ చెప్పలేదు. జ్ఞానపీఠం అందుకున్న ఖుర్రతుల్ ఐన్ హైదర్ పేరు వినలేదు. అంత దూరం ఎందుకు, మన హైదరాబాదులో జీలానీ బానో ఉన్నారు. ఆమె కథ 'నర్సయ్యా కీ బావ్‌డీ' ఆధారంగానే శ్యామ్ బెనెగళ్ 'వెల్‌డన్ అబ్బా' తీసినారు. తెలంగాణ పల్లెలో బావి కోసం తిరిగే ఒక ముస్లిం తండ్రి, అతని కూతురు. ఆ కథ మన నేలది, వ్రాసినది మన స్త్రీ. ఆ కథ సినిమా అయింది గాని, అట్లాంటి కథలు వ్రాసే గృహిణి జీవితం సినిమా కాలేదు.

మక్దూం మొహియుద్దీన్ కూడ అంతే. తెలంగాణ సాయుధ పోరాటంలో నిలిచిన కవి. ఆయన గజలు 'బాజార్'లో పాటై దేశమంతా మారుమ్రోగింది. 'కహకషాఁ' అనే దూరదర్శన్ ధారావాహికలో ఇర్ఫాన్ ఖాన్ ఆయన పాత్ర ధరించినారు. హిందీవారికి గుర్తుకు వచ్చిన మన కవి, మన తెలుగు నిర్మాతలకు ఎందుకు గుర్తుకు రాలేదు? ఉర్దూ అంటే భయమందామా అంటే, 'మా భూమి' కృషన్ చందర్ ఉర్దూ నవల నుండి వచ్చినదే గదా. భాష అడ్డు కాలేదు. మరి అడ్డు ఏమిటి?

రెండేండ్ల క్రితం బాపట్లలో ఒక సాంస్కృతిక సభకు మమ్ములను పిలిచినారు. చలనచిత్రాలలో రచయితలు అన్నది చర్చనీయాంశం. ఒక వక్త ఉర్దూ కవుల గురించి చెప్తూ, మధువు లేనిదే వారికి మాట రాదని చమత్కరించినారు. సభ నవ్వింది. మా వంతు వచ్చినప్పుడు మేము ఒక్క ప్రశ్న వేసినాము. తన తాగుడును శ్రీశ్రీ దాచుకోలేదు, స్వయంగా వ్రాసుకున్నారు కూడ. అయినా శ్రీశ్రీ అనగానే మీకు ఏమి గుర్తుకు వస్తుంది? 'మహాప్రస్థానం' గుర్తుకు వస్తుంది. గాలిబ్ అనగానే సీసా గుర్తుకు వస్తున్నది. ఒకరి విషయంలో కావ్యం, మరొకరి విషయంలో దురలవాటు ఎందుకు ముందుకు వస్తున్నవి? సభలో ఎవరూ నవ్వలేదు. ఆ వక్త సహృదయులు. కిందికి దిగి వచ్చి మా చేయి పట్టుకున్నారు. తాను గాలిబ్‌ను చదవలేదనీ, చూచినాననీ అన్నారు.

చదవలేదు, చూచినాను. వ్యాధి అంతా ఆ రెండు మాటలలో ఉన్నది.

గాలిబ్ తాగలేదని మేము బుకాయించడం లేదు. తాగినాడు. జూదం ఆడించినందుకు 1847లో జైలుకు పోయినాడు. మంటో తాగి తాగి నలభై మూడు నిండకుండానే పోయినాడు. మా ధర్మం దానిని నిషేధించింది, మేము సమర్థించము. కాని మంటో మీద నందితా దాస్ 2018లో తీసిన చిత్రం చూడండి. అందులో తాగుడు ఉన్నది. దానితోపాటు సఫియా ఉన్నది. రేపటి ఖర్చు ఎట్లా అని తలపోసే భార్య, బిడ్డలు, కేసుల వాయిదాలు, బొంబాయిలో వదలి వచ్చిన మిత్రుడు శ్యామ్ మీది బెంగ ఉన్నవి. దోషాన్ని దాచమని మేము కోరడం లేదు. దోషం ఒక్కటే మనిషి అని చూపవద్దంటున్నాము.

మన గుంటూరు నేల మీదనే ఒకరు ఈ పని ఎప్పుడో చేసినారు. తెర మీద కాదు, కాగితం మీద. వినుకొండ గుర్రం జాషువ 1932లో 'ఫిరదౌసి' వ్రాసినారు. ఎక్కడి పారశీక కవి, ఎక్కడి వినుకొండ! షానామా వ్రాస్తే పద్యానికొక బంగారు నాణెం ఇస్తానన్న గజనీ సుల్తాను మాట తప్పినాడనీ, చివరికి ఆ సొమ్ము చేరేసరికి కవి శవం ఊరి వాకిలి దాటుతున్నదనీ ప్రతీతి. ఆ బంగారాన్ని కవి కుమార్తె నిరాకరించిందని కూడ చెప్తారు. అంటరానితనం అనుభవించిన తెలుగు కవికి ఆ పారశీక కవి అవమానం తన ఇంటి అవమానంగా తోచింది. పల్లెటూరి హైస్కూలు పిల్లలు కూడ ఆ పద్యాలు కంఠస్థం చేసినారు, ఫిరదౌసి ఏ మతం వాడని ఎవరూ అడగలేదు. 1934లో బొంబాయి ఇంపీరియల్ సంస్థ స్టూడియోలో ఫిరదౌసి మీద పారశీక భాషలో సినిమా తీసినారు. తెలుగులో కావ్యం ఉన్నది, సినిమా లేదు. ఒక్క మాట గమనించండి. తెర మీది కవులకు ప్రేయసులు ఉంటారు గాని కూతుళ్లు ఉండరు. ఫిరదౌసికి కూతురున్నది.

ఇప్పుడు వ్రేలు మన వైపు తిప్పుకుందాము. సినిమా మీద నేరం మోపి మేము చేతులు దులుపుకుంటే అది ఆత్మవంచన అవుతుంది. షేక్ నాజర్ ఎవరు? గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో పుట్టిన దూదేకుల బిడ్డ. బుర్రకథ పితామహుడు. 1986లో పద్మశ్రీ. 'పల్నాటి యుద్ధం' వ్రాసి చెప్పినవాడు. 'పుట్టిల్లు', 'అగ్గిరాముడు' చిత్రాలలో ఆయన బుర్రకథ ఉన్నది. సినిమాకు ఆయన గొంతు కావలసి వచ్చింది, జీవితం అక్కర లేకపోయింది. సరే. మనకు అక్కర వచ్చిందా? ఆయన తన ఆత్మకథకు 'పింజారి' అని పేరు పెట్టుకున్నాడు. ఊరివారు తిట్టుగా వాడిన మాటను కిరీటంగా ధరించినాడు. ఆ పుస్తకం మన మస్జిద్ కమిటీల అలమరలలో ఎన్నింటిలో ఉన్నది? మేము తెనాలిలో విచారించినాము. ఫలితం వ్రాస్తే సిగ్గు. ఉర్దూ రాని వాడు సగం ముసల్మాను అని నూర్‌బాషాలను చిన్నచూపు చూచే పెద్దలు మనలో ఇంకా ఉన్నారు. పిఠాపురం ఉమర్ ఆలీషా తెలుగులో అవధానాలు చేసి, ఖయ్యాం రుబాయీలను తెలుగు చేసినప్పుడు ఈ పెద్దల తాతలు ఏమన్నారో ఊహించుకొనవచ్చు. ఖాదర్ మొహియుద్దీన్ 1991లో 'పుట్టుమచ్చ' వ్రాసిన నాటి నుండి, 1998లో 'జల్‌జలా', ఆపైన 'వతన్' కథలు, షాజహానా కవిత్వం, ఖదీర్‌బాబు దర్గామిట్ట కథలు, ఇంతమంది తెలుగులో వ్రాసినారు. వీరందరు బిడ్డలు గలవారు, ఉద్యోగాలు చేసినవారు, పండుగకు సేమ్యా వండుకున్నవారు. మన ఇంటి పెండ్లిలో వీరి పుస్తకం ఒక్కటైనా కానుకగా ఇచ్చినామా? సమాజం తన రచయితను తాను చూపకపోతే, ఇతరులు తమకు తోచిన వేషం వేసి చూపుతారు.

సినిమావారిని మేము కోరేది పెద్దదేమీ కాదు. ముస్లిం పాత్రకు కలం ఇచ్చినప్పుడు ఆ కలానికి ఒక ఇల్లు కూడ ఇవ్వండి. అతనిచేత సక్రమమైన తెలుగు పలికించండి. తెనాలి మారీసుపేటలో, బాపట్లలో, రేపల్లెలో మేము మాట్లాడేది మీరు మాట్లాడే తెలుగే. 'నిమ్మళ్కి నమ్మళ్కి' అనే భాష మేము ఏ ఇంటిలోనూ వినలేదు, మీ చిత్రాలలో తప్ప. మన ప్రాంతంలో ఇప్పుడు చేతి ఫోనుతో చిన్న చిత్రాలు తీసే యువకులు చాలామంది ఉన్నారు. వారిలో ఒకడు పోయిన రంజాన్‌కు మా వద్దకు వచ్చి, కవి పాత్ర ఉన్నది, కుర్తా, సుర్మా, చేతిలో గ్లాసు కావాలి, తెలిసినవారు ఎవరైనా ఉన్నారా అని అడిగినాడు. గ్లాసులో ఏమి పోస్తావు అని అడిగినాము. శీతల పానీయం అన్నాడు. మేము అతని చేతిలో నాజర్ 'పింజారి' పెట్టి పంపినాము. ఇంకా తిరిగి ఇవ్వలేదు. చదువుతున్నాడని అనుకుంటున్నాము, ఇన్షా అల్లాహ్.

రేపల్లె తండ్రిగారి ఇంటికి మేము మొన్న శుక్రవారం జుమా తర్వాత తెనాలి నుండి రైలులో వెళ్లినాము. గాలిబ్ పింఛను కథ చెప్పినాము. ఆయన శ్రద్ధగా విన్నారు. 62 రూపాయల 8 అణాల దగ్గర ఆగి, ఆ కాలానికి అది ఎంత విలువ ఉంటుందని అడిగినారు. ఏడుగురు బిడ్డల మాట చెప్పినప్పుడు లోపల తలుపు చాటున నిలిచిన ఆయన భార్య ఒక మాట అన్నది: "ఆ తల్లి గురించి ఎవరూ సినిమా తియ్యలేదా?" మేము లేదన్నాము. అమ్మాయి కథను చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నది. ఆయన ఆ కాగితాలు తీసుకుని, చివరి పుటలో కూతురు పేరు కింద ఇంటి పేరు లేకపోవడం చూచి, దానిని కూడ చేర్చమన్నారు. కవరు మీద చిరునామా ఆ అమ్మాయే వ్రాసింది. తపాలా బిళ్లలు మేము అంటించినాము.